ఆరోగ్యం హక్కయితే మా తాత ఎవరిని అడగాలె?

సివిక్స్ సారు, నల్లగొండ:

గత వారం ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు మానవ హక్కుల పాఠం చెప్పాను. 1948 డిసెంబర్ 10న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన విశ్వజనీన ప్రకటనలో 25వ అధికరణం దగ్గరికి వచ్చి, తిండి, బట్ట, ఇల్లు, వైద్యంతో సహా ఆరోగ్యంగా బతకడానికి చాలినంత జీవన ప్రమాణం ప్రతి మనిషి హక్కు అని బోర్డు మీద రాశాను. మర్రిగూడ వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి లేచి, "సార్, అది హక్కయితే మా తాత ఎవరిని అడగాలె?" అన్నది. ఆమె తాతకు నడుము వంగి ఇరవై ఏళ్లు దాటిందట. పక్కకు చూడాలంటే మెడ కాదు, ఒళ్లంతా తిప్పాలి. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఆ ఊళ్లలో నడుములు వంగే సంగతి అందరికీ తెలిసిందే కనుక తరగతిలో ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. గంట కొట్టడంతో నేను తప్పించుకున్నాను గానీ ప్రశ్న మాత్రం ఇంటిదాకా వచ్చింది.

నాకు తెలిసినంత వరకు కాగితాల వరుస ఇది. 1946లో రాసుకున్న ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం, జాతి, మతం, రాజకీయ విశ్వాసం, ఆర్థిక సామాజిక స్థితి అనే తేడా లేకుండా, అందుకోగలిగినంత ఉన్నత స్థాయి ఆరోగ్యం ప్రతి మనిషి మౌలిక హక్కు అని మొదటిసారి చెప్పింది. 1966 నాటి ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడిక 12వ అధికరణంలో దానిని రాజ్యాల బాధ్యతగా మార్చింది. భారతదేశం 1979 ఏప్రిల్‌లో ఆ ఒడంబడికలో చేరింది. ఆ తాత అప్పటికి పడుచువాడు, బోరు నీళ్లు తాగుతూ పత్తి చేనులో పని చేస్తున్నాడు.

హక్కు అంటే అవతల ఒక బాకీదారు ఉండాలి, లేకపోతే అది శుభాకాంక్ష మాత్రమే. ఇక్కడ బాకీదారు ఎవరు? వచ్చే సోమవారం మళ్లీ అదే తరగతి ఉంది, కాబట్టి ఈ చర్చా వేదికలో తెలిసినవారు వివరంగా రాయమని కోరుతున్నాను.

వకీలు, పాత బస్టాండు దగ్గర:

సారు, మీ విద్యార్థిని అడిగిన ప్రశ్న న్యాయశాస్త్రంలో అసలైన ప్రశ్న. ఓపికగా చదవండి, కొంచెం పొడవు అవుతుంది.

మన దేశంలో ఒడంబడిక మీద సంతకం పెట్టినంత మాత్రాన అది కోర్టులో పట్టుకుని నిలబడే చట్టం అయిపోదు. అంతర్జాతీయ ఒప్పందాలను అమలు చేసేందుకు చట్టం చేసే అధికారం 253వ అధికరణం కింద పార్లమెంటుకు ఉంది. ఆ చట్టం వచ్చేదాకా ఒడంబడిక కోర్టుకు దారి చూపే దీపమే తప్ప చేతిలో కర్ర కాదు. రాజ్యాంగంలో 47వ అధికరణం ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యం ప్రాథమిక విధుల్లో ఒకటి అంటుంది గానీ, అది ఆదేశిక సూత్రం. 37వ అధికరణం ప్రకారం దానిని పట్టుకుని కోర్టుకు వెళ్లలేము. అందుకే మన సుప్రీంకోర్టు చుట్టుదారి పట్టి, ఆరోగ్యాన్ని 21వ అధికరణంలోని జీవించే హక్కులోకి తెచ్చింది.

ఆ దారిలో ముఖ్యమైన మలుపు 1996 నాటి పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసు. హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ 1992లో రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలించుకుంటే, ఒక ప్రభుత్వ ఆసుపత్రి తర్వాత మరొకటి సౌకర్యం లేదనో, మంచం లేదనో పంపించివేశాయి. చివరకు ప్రైవేటు ఆసుపత్రిలో దాదాపు 17,000 రూపాయలు పెట్టి బతికాడు. అత్యవసర వైద్యం సకాలంలో అందించకపోవడం 21వ అధికరణానికి భంగమని, డబ్బు లేదనే కారణంతో రాజ్యం ఈ బాధ్యత నుంచి తప్పుకోజాలదని కోర్టు చెప్పి, 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. కేసు వేసింది వ్యవసాయ కూలీల సంఘం అన్నది గమనించండి.

ఇక ఒడంబడికలోనే ఒక మెలిక ఉంది. రెండో అధికరణం ప్రకారం రాజ్యం తనకు అందుబాటులో ఉన్న వనరుల మేరకు, క్రమక్రమంగా ఈ హక్కులను నెరవేర్చాలి. ఈ "క్రమక్రమంగా" అన్న మాట చాటున ప్రభుత్వాలు ఏళ్ల తరబడి దాక్కున్నాయి. అందుకని ఒడంబడిక అమలును చూసే నిపుణుల సంఘం 1990లో, ఎంత పేద దేశమైనా వెంటనే చేయవలసిన కనీస బాధ్యతలు కొన్ని ఉన్నాయని తేల్చింది. ఒడంబడికకు అర్థం వివరిస్తూ అదే సంఘం 2000లో వెలువరించిన 14వ సాధారణ వ్యాఖ్యలో ఆరోగ్య హక్కు అంటే ఆసుపత్రి మాత్రమే కాదని, సురక్షితమైన తాగునీరు, పారిశుద్ధ్యం, చాలినంత తిండి, కాలుష్యం లేని పరిసరాలు కూడా దానిలో భాగమని రాసింది. మీ విద్యార్థిని తాత కేసు ఆసుపత్రి కేసు కాదు, నీళ్ల కేసు. ఆ లెక్కన బాకీదారు రాష్ట్ర ప్రభుత్వం, దాని వెనుక కేంద్రం. కానీ బాకీ ఉందని తేలడం వేరు, వసూలు కావడం వేరు. మా వృత్తిలో రోజూ చూసేది ఇదే.

ఎదురుప్రశ్న:

అందరూ చాలా గౌరవంగా మాట్లాడుతున్నారు కాబట్టి నేను కొంచెం కటువుగా మాట్లాడతాను. ఖర్చు ఎవరు పెట్టుకోవాలో చెప్పని హక్కు, పెళ్లి కార్డులో "అందరూ ఆహ్వానితులే" అని వేయించి వంట చేయించనట్టు ఉంటుంది. అమెరికా ఈ ఒడంబడిక మీద 1977లో సంతకం పెట్టి ఈనాటిదాకా ధ్రువీకరించలేదు. మనం చేరాం గానీ, వ్యక్తులు నేరుగా ఐక్యరాజ్యసమితి సంఘానికి ఫిర్యాదు చేసుకునే వీలు కల్పించే 2008 నాటి ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో చేరలేదు. అంటే ఒక పెద్ద దేశం లోపలికే రాలేదు, మరొక పెద్ద దేశం లోపలికి వచ్చి తలుపు గడియ వేసుకుంది.

దక్షిణాఫ్రికా రాజ్యాంగంలో ఆరోగ్య హక్కు అచ్చంగా 27వ సెక్షన్‌లో రాసి ఉంది. అయినా 1997లో సూబ్రమనీ అనే మూత్రపిండాల రోగి డయాలసిస్ కోసం రాజ్యాంగ న్యాయస్థానానికి వెళితే, వనరులు పరిమితం, ఆసుపత్రి పెట్టుకున్న ప్రాధాన్య క్రమం సమంజసమే అని పిటిషన్ కొట్టివేశారు. తీర్పు వచ్చిన కొద్ది రోజులకే ఆయన చనిపోయాడు. రాజ్యాంగంలో రాసుకున్నచోటే అట్లా జరిగితే, రాసుకోని మన దగ్గర తాత ఎవరిని అడుగుతాడు?

మర్రిగూడ మండలం:

అన్నా, మీ మాటలో నిజం ఉంది గానీ సగమే. నేను ఆ నీళ్లు తాగి పెరిగినవాణ్ణి. నా పళ్ల మీద గార ఇప్పటికీ ఉంది, పెళ్లి ఫొటోల్లో కూడా నోరు మూసుకునే ఉన్నాను.

మా దగ్గర నీళ్లు ఒడంబడిక వల్ల రాలేదు, కోర్టు తీర్పు వల్ల కూడా రాలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపుతో నల్లగొండ నియోజకవర్గానికి నామినేషన్లు కుప్పలుగా పడి, చివరికి 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా వేయవలసి వచ్చింది. గెలవాలని ఎవరూ వేయలేదు. ఫ్లోరైడ్ అనే మాట ఢిల్లీలో వినబడాలని వేశారు. దుశ్చర్ల సత్యనారాయణ గారి వంటివారు అంతకుముందు ఎన్నో ఏళ్లు పాదయాత్రలు చేసి, అర్జీలు పెట్టి, చివరకు ఈ ఉపాయానికి వచ్చారు. అర్జీ పెడితే ఒక గుమాస్తా చదువుతాడు, నామినేషన్ వేస్తే దేశమంతా చదువుతుందన్నది ఆ లెక్క.

దానికి రాజ్యం ఇచ్చిన మొదటి జవాబు ఏమిటో తెలుసా? అదే ఏడాది చట్టం సవరించి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. మా ఒక్కరి వల్లనే అని అనను. అదే ఏడాది తమిళనాడులోని మొదకురిచ్చిలో శాసనసభ స్థానానికి వెయ్యి మందికి పైగా నిలబడ్డారు. అయినా మా ఊరిలో మాత్రం అందరూ, నీళ్లడిగితే డిపాజిట్ పెంచారనే చెప్పుకుంటారు.

ఇంకొక సంగతి చెప్పాలి. నాగార్జునసాగర్ వెనుక జలాల నుంచి ఎత్తిపోసి, కోదండాపురంలో శుద్ధి చేసిన కృష్ణా నీళ్లు 2004 నుంచి సాగర్ రోడ్డు వెంట పెద్ద పైపుల్లో హైదరాబాద్‌కు పోతున్నాయి. పట్నానికి నీళ్లు పోవద్దని ఎవరం అనలేదు. కానీ పైపు పక్కన నిలబడి బోరింగు నీళ్లు తాగిన మనిషికి "వనరుల మేరకు, క్రమక్రమంగా" అన్న మాట ఎట్లా వినిపిస్తుందో వకీలు గారు ఊహించుకోవాలి. వనరు లేక కాదు, వరుసలో మేము వెనుక ఉన్నాం.

పానగల్లు:

అప్పుడు మా నాయన ఎన్నికల డ్యూటీలో ఉన్నాడు. ఆ బ్యాలెట్‌లో తనకు తెలిసిన పేరు వెతుక్కోవడానికే ఒక ముసలామె చాలాసేపు తీసుకున్నదని, వెనుక వరుసలో ఉన్నవాళ్లు కోప్పడితే "నీళ్ల కోసం ఇన్నేండ్లు నిలబడ్డం, దీనికి నిలబడలేరా" అన్నదని ఇప్పటికీ చెబుతాడు.

భూగర్భ జలం (విశ్రాంత ఉద్యోగి):

నీటి విషయం వచ్చింది కాబట్టి నా వృత్తికి సంబంధించిన నాలుగు మాటలు రాస్తాను. చట్టం గురించి మాట్లాడేవారికి కూడా ఇవి అవసరమే.

మన జిల్లా కింద ఉన్నది ఎక్కువగా గ్రానైట్ రాయి. అందులోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. నీటిలో కాల్షియం తక్కువగా, క్షారగుణం ఎక్కువగా ఉంటే ఇంకా ఎక్కువగా కరుగుతుంది. పాతకాలపు ఊటబావుల్లో పైపొరల వాన నీళ్లు ఉండేవి. అవి ఎండి, బోర్లు లోతుకు పోయినకొద్దీ రాయితో ఎక్కువకాలం కలిసి ఉన్న నీళ్లు పైకి వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు; మన దేశ ప్రమాణం 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు. ఆ పరిమితి దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే మొదట పళ్లకు గార పడుతుంది, తర్వాత ఎముకలు గట్టిపడతాయి, కీళ్ల చుట్టూ ఉండే పట్టీలు కూడా ఎముకలాగా బిగుసుకుంటాయి. అట్లా బిగుసుకున్న నడుమును వెనక్కి తెచ్చే మందు లేదు. ఆరోగ్య హక్కును ఆసుపత్రి హక్కుగా మాత్రమే చూస్తే ఈ వ్యాధిలో మిగిలేది ఏమీ లేదని చెప్పడానికే ఇదంతా రాశాను.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపే పద్ధతిని తయారు చేసింది. దానికి ప్రపంచమంతటా నల్లగొండ పద్ధతి అనే పేరు. ఇథియోపియా, టాంజానియా వంటి తూర్పు ఆఫ్రికా దేశాల దాకా మన ఊరి పేరు ఆ పటిక బక్కెట్లతో పాటు వెళ్లింది. పద్ధతి మంచిదే, చవకైనదే. కానీ రోజూ కొలత తప్పకుండా పటిక వేయాలి, కలపాలి, తేరనివ్వాలి, అడుగున మిగిలిన బురదను ఎక్కడో పారబోయాలి. ఆ రోజువారీ పని చేసే మనిషికి జీతం ఎవరు ఇవ్వాలో తేల్చలేదు. నేను చూసిన ఊళ్లలో ట్యాంకు, తొట్టి, బోర్డు మిగిలాయి, పటిక మాత్రం లేదు. 14వ వ్యాఖ్య గురించి వకీలు గారు చెప్పిన తర్వాత తీసి చదివాను. సదుపాయం ఉండాలి, అందరికీ అందాలి, ప్రజలకు ఆమోదయోగ్యంగా ఉండాలి, నాణ్యంగా ఉండాలి అని నాలుగు కొలతలు చెప్పారు. మా శాఖ రికార్డుల్లో మొదటి కొలత ఒక్కటే ఉండేది. ట్యాంకు కట్టారా? కట్టారు. అంతటితో ఫైలు మూసేవాళ్లం. నా సంతకాలు కూడా కొన్ని ఉన్నాయి.

2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన మిషన్ భగీరథతో నదీ జలాలు నల్లా దాకా వచ్చాయి. ఆ పని పెద్దదే, దానిని తక్కువ చేయను. నల్లా రాని రోజు జనం మళ్లీ బోరింగు దగ్గరికే పోతారు అన్నది కూడా నిజం.

పాలమూరు నర్సు:

నేను ఇరవై రెండేళ్లుగా సబ్ సెంటర్లలో పనిచేస్తున్న ఏఎన్ఎంను. పెద్దవాళ్లు మాట్లాడే చోట నాకు తెలిసింది రాస్తాను.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. అనంతపురం, శ్రీకాకుళం మిగతా రెండు. గుండె ఆపరేషన్ అంటే భూమి అమ్ముకోవడమే అనుకునే ఇళ్లలో, ఆ కార్డు నిజంగా ప్రాణాలు నిలబెట్టింది. నేను స్వయంగా చూశాను, కాబట్టి ఎవరైనా అది ఉత్త ప్రచారం అంటే ఒప్పుకోను. ఇప్పుడు మన రాష్ట్రంలో దాని పరిమితి పది లక్షలు. కానీ ఆరోగ్యశ్రీ పెద్ద జబ్బు వచ్చిన తర్వాతి సంగతి. బీపీ మాత్ర నెలనెలా అందితే రాని పక్షవాతానికి, పక్షవాతం వచ్చాక ఇచ్చే ప్యాకేజీ ఉంది. 1978లో అప్పటి సోవియట్ యూనియన్‌లోని అల్మా ఆటాలో ప్రపంచ దేశాలు కూర్చుని, 2000 నాటికి అందరికీ ఆరోగ్యం అని, దానికి దారి ప్రాథమిక వైద్యమే అని రాసుకున్నాయని మాకు శిక్షణలో చెప్పారు. మరుసటి ఏడాదికే, అంతా ఎక్కడ చేస్తాం, కొన్ని చవక పనులు ఎంచుకుందాం అనే వాదం మొదలైందట. శిక్షణ ఇచ్చిన మేడం ఆ మాట చెప్పి నవ్వింది, మేము నవ్వలేదు.

మా దగ్గర ఇంకొక చిక్కు వలస. మా ఊళ్ల నుంచి ముంబయి, పుణె పనులకు పోయినవాళ్లకు అక్కడ జబ్బు చేస్తే ఇక్కడి కార్డు పెద్దగా పనికిరాదు. నా పెద్దమ్మ కొడుకు భార్యకు అక్కడ ఏడో నెలలో రక్తస్రావమైతే, ఒక ఆసుపత్రివాళ్లు స్థానిక చిరునామా కాగితం అడిగి గంటన్నర బయట కూర్చోబెట్టారు. బిడ్డ దక్కలేదు. ఏ తేడా లేకుండా ప్రతి మనిషికీ అని సారు రాసిన వాక్యం చదివినప్పుడు నాకు ఆ గంటన్నరే గుర్తొచ్చింది.

వకీలు, పాత బస్టాండు దగ్గర:

చెల్లె రాసినదానికి నేను చేర్చగలిగింది ఏమీ లేదు. ఎదురుప్రశ్న గారికి మాత్రం జవాబు బాకీ ఉంది.

సూబ్రమనీ కేసు చెప్పి అక్కడే ఆగిపోవడం న్యాయం కాదు. అదే న్యాయస్థానం 2002లో ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ వేసిన కేసులో ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా ఆపే నెవిరపిన్ మందును తయారీదారు ఐదేళ్లు ఉచితంగా ఇస్తానన్నా, ప్రభుత్వం ఒక్కో రాష్ట్రంలో రెండు కేంద్రాలకే దానిని పరిమితం చేసింది. ఆ పరిమితికి సమంజసమైన కారణం లేదు, ఎత్తివేయండి అని కోర్టు ఆదేశించింది. రెండు తీర్పులూ కలిపి చదివితే, కోర్టు అడిగే ప్రశ్న "డబ్బు ఉందా" అని మాత్రమే కాదు, "మీరు చెప్పే కారణం నిలుస్తుందా" అని. పైపు పక్కన బోరింగు గురించి మర్రిగూడ మిత్రుడు చెప్పింది సరిగ్గా ఇదే ప్రశ్న.

ఒడంబడిక చట్టంగా మారిన ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. వికలాంగుల హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 2006లో వచ్చింది, మనం 2007లో ధ్రువీకరించాం, దానిని అమలు చేయడానికే 2016లో కొత్త చట్టం చేశాం. ఇప్పుడు తాత దగ్గరికి రండి. ఆ చట్టం షెడ్యూల్‌లో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. కుష్ఠు నయమైనవారు ఉన్నారు, యాసిడ్ దాడి బాధితులు ఉన్నారు, ఫ్లోరోసిస్ అనే పేరు లేదు. తాత వైకల్యం ఎంత శాతమో తేల్చి ధ్రువపత్రం ఇచ్చే సదరం క్యాంపుకు పోతే చలన వైకల్యం కింద కొలుస్తారు. కాలు, చెయ్యి ఎంత కదులుతుందో కొలిచే పట్టికలో, నడుము మెడ కలిసి బిగుసుకుపోయిన మనిషి ఒక్కోసారి అర్హతకు కావలసిన 40 శాతానికి కాస్త కింద ఆగిపోతాడు. అట్లా ఆగిపోయిన ఇద్దరి అప్పీళ్లు నేనే రాశాను.

ఎదురుప్రశ్న:

షెడ్యూల్ సంగతి నాకు తెలియదు. ఆ మేరకు నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ దేశాల మధ్య విషయం అట్లాగే ఉంది. కోవిడ్ కాలంలో టీకాలు, మందుల మీద పేటెంట్ల పట్టు సడలించమని 2020 అక్టోబర్‌లో మన దేశం, దక్షిణాఫ్రికా కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థను అడిగితే, 2022 జూన్ దాకా సాగదీసి టీకాలకు మాత్రం కత్తిరించిన మినహాయింపు ఇచ్చారు. అప్పటికి మొదటి రెండేళ్ల శవాలు లేచిపోయాయి. మనం కూడా 2021 వేసవిలో రెండో అల రాగానే టీకాల ఎగుమతి ఆపేశాం. ప్రతి దేశమూ తన గుమ్మం దాకానే హక్కు అంటుంది.

జడ్చర్ల షిఫ్టు:

నేను మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను కాబట్టి ఇది నా సబ్జెక్టు.

పేటెంట్ల విషయంలో గుమ్మం దాటిన సందర్భాలు ఉన్నాయి. ప్రపంచ వాణిజ్య సంస్థ 2001 దోహా ప్రకటన, పేటెంట్లకు సంబంధించిన వాణిజ్య ఒప్పందం ప్రజారోగ్యానికి అడ్డు కాకూడదని అన్ని దేశాల చేతా చెప్పించింది. మన 1970 పేటెంట్ చట్టం మందుకు కాక తయారీ విధానానికే పేటెంట్ ఇచ్చేది, అందుకే హైదరాబాద్ చుట్టూ ఈ పరిశ్రమ పెరిగింది. 2005లో మందుకే పేటెంట్ ఇచ్చేలా చట్టం మార్చుకున్నా, పేటెంట్ యజమాని ఒప్పుకోకపోయినా వేరేవారు మందు చేసుకునేందుకు నిర్బంధ లైసెన్సు ఇచ్చే 84వ సెక్షన్ ఉంచుకున్నాం. 2012 మార్చిలో హైదరాబాద్‌కు చెందిన నాట్కో కంపెనీకి ఆ సెక్షన్ కింద దేశంలో మొదటి నిర్బంధ లైసెన్సు వచ్చింది. కాలేయ, మూత్రపిండ క్యాన్సర్‌కు వాడే నెక్సావర్‌కు బేయర్ కంపెనీ నెలకు దాదాపు 2,80,000 రూపాయలు తీసుకునేది. నాట్కో తొమ్మిది వేల లోపు ఇచ్చింది, బేయర్‌కు రాయల్టీ కట్టింది. మరుసటి ఏడాది నోవార్టిస్ కేసులో సుప్రీంకోర్టు గ్లివెక్ అనే క్యాన్సర్ మందుకు పేటెంట్ నిరాకరించింది.

అయితే గర్వపడే చోటే నాకు ఇబ్బంది కూడా ఉంది. మేము చేసే మాత్ర ఆఫ్రికాలో ఒక మనిషికి చవకగా అందుతుంది. మా గోడ అవతలి ఊళ్లో వాన పడ్డ రాత్రి వాగులో వాసన మారుతుంది. మూడో పక్షం వల్ల జరిగే హాని నుంచి కూడా కాపాడటం రాజ్యం బాధ్యత అని ఇదే 14వ వ్యాఖ్యలో ఉందని నా మిత్రుడు చూపించాడు. అక్కడి మనిషి హక్కును ఇక్కడి మనిషి ఒంటితో కట్టకూడదు కదా. ఉద్యోగం పోగొట్టుకోలేను కాబట్టి ఫ్యాక్టరీ పేరు రాయను.

అచ్చంపేట బిడ్డ:

దీనికి మా నల్లమల గురించి ఒక్క మాట. యురేనియం అన్వేషణ వద్దని అమ్రాబాద్‌లో చెంచులు, ఊళ్లవాళ్లు రోడ్డు మీదికి వస్తే, 2019 సెప్టెంబర్‌లో శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. మీ వైపు పెద్దగట్టు, లంబాపూర్‌లలో అంతకుముందే ఈ పోరాటం జరిగింది. జబ్బు రాకముందే "వద్దు" అనే వీలు ఉండటం కూడా ఆరోగ్య హక్కే అని నా అభిప్రాయం. ఆ తీర్మానం చదివినవాళ్లలో హక్కుల ఒడంబడిక పేరు విన్నవాళ్లు ఎంతమంది ఉంటారో నాకు అనుమానమే.

నిర్వాహకుడు:

యురేనియం మీద వేరే చర్చ నడుస్తున్నది, దయచేసి అక్కడ కొనసాగించండి. ఇక్కడ సారు అడిగిన ప్రశ్న మీద ఉందాం.

సివిక్స్ సారు, నల్లగొండ:

అందరికీ నమస్కారం. సోమవారం తరగతిలో మీరు రాసినవి వరుసగా చెప్పాను. 480 మంది అభ్యర్థుల సంగతి సగం మంది పిల్లలకు తెలియదు. ఆ అమ్మాయి అంతా విని, "అయితే నీళ్లు వచ్చినయి కాబట్టి బాకీ తీరిపోయిందంటరా సార్?" అన్నది. ఇంతమందిమి ఇంత రాసి, ఇక్కడికి మాత్రం రాలేదు అనిపించింది. నల్లా వచ్చాక పుట్టిన బిడ్డకు బాకీ తీరినట్టే. నల్లా రాకముందే నడుము వంగిన మనిషికి ఇంకా తీరలేదు. 14వ వ్యాఖ్యలో హక్కుకు భంగం కలిగినవారికి పూర్వస్థితి పునరుద్ధరణ, పరిహారం వంటి తగిన ఉపశమనం అందాలని ఉంది. మన లెక్కల్లో మాత్రం ఫ్లోరైడ్ లేని గ్రామం అని ఒక గడి ఉంది, ఫ్లోరైడ్ ఉన్న మనిషి అనే గడి లేదు.

కాబట్టి చిన్న పనితో మొదలుపెడదాం అనుకుంటున్నాను. సమాచార హక్కు దరఖాస్తు ముసాయిదా రాశాను: మర్రిగూడ మండలంలో ఫ్లోరోసిస్ వల్ల కదలిక కోల్పోయినవారిగా నమోదైనవారు ఎందరు, వారిలో సదరం ధ్రువపత్రం ఉన్నవారు ఎందరు, 40 శాతానికి తక్కువని తిరస్కరించినవారు ఎందరు, గత మూడేళ్లలో వారికోసం ఫిజియోథెరపీకి, ఉపకరణాలకు పెట్టిన ఖర్చు ఎంత. జిల్లా వైద్య ఆరోగ్య శాఖ కార్యాలయానికి పంపాలి. తప్పులుంటే దిద్దండి.

వకీలు, పాత బస్టాండు దగ్గర:

"నమోదైనవారు" అంటే నమోదు లేదని ఒక్క వాక్యంలో జవాబు ఇచ్చి పంపుతారు. "నమోదు చేయడానికి సర్వే జరిగిందా, జరిగితే చివరిసారి ఏ తేదీన, ఆ నివేదిక నకలు ఇవ్వండి" అని మొదటి ప్రశ్నగా పెట్టండి. సదరం లెక్కలు వైద్య శాఖ దగ్గర ఉండకపోవచ్చు. ఆరో సెక్షన్ మూడో ఉపసెక్షన్ కింద సంబంధిత శాఖకు బదిలీ చేయమని చివర రాయండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి.

భూగర్భ జలం (విశ్రాంత ఉద్యోగి):

ఆ నీళ్లు తాగకూడదని ఎర్ర రంగు వేసిన బోరింగుల జాబితా కూడా అడగండి. ఏ ఊళ్లో ఏ బోరు నీటిలో ఎంత ఫ్లోరైడ్ ఉందో పాత పరీక్షల రిజిస్టర్లు గ్రామీణ నీటి సరఫరా విభాగంలో ఉండేవి. నేను ఉన్నప్పుడు ఉన్నాయి.

మర్రిగూడ మండలం:

సారు, దరఖాస్తు మీ పేరుతో ఎందుకు? ఆ తాత పేరుతోనే వేయించండి. తెల్ల రేషన్ కార్డు నకలు జత చేస్తే పది రూపాయల ఫీజు కూడా ఉండదు.

సివిక్స్ సారు, నల్లగొండ:

అడిగాను. ఆయన వేళ్లు కలం పట్టవట.

వకీలు, పాత బస్టాండు దగ్గర:

పట్టనవసరం లేదు. రాయలేని మనిషి నోటితో చెబితే రాసిపెట్టడం సమాచార అధికారి బాధ్యత అని ఆరో సెక్షన్‌లోనే ఉంది. వేలిముద్ర చాలు. అధికారి దాకా పోలేకపోతే మనవరాలే రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకోవచ్చు.

సివిక్స్ సారు, నల్లగొండ:

ఆమె ఈ ఆదివారం రాస్తానన్నది. మొదటి వాక్యం నన్ను మార్చవద్దన్నది కనుక, "నేను అడుగుతున్నది" అని ఉన్నచోట "మేము కోరుతున్నది" అని నేను దిద్దిన దిద్దుబాటును కొట్టివేశాను.